రెండో వాచీ

పట్టీ బిగించి చూడండి మేడమ్ అంటోంది ఫోన్లో అమ్మాయి. మణికట్టు ఎముకకి వేలెడు పైన ఉండాలట. మరీ బిగించకూడదు, మరీ వదులు చేయకూడదు, ఒంటిని అంటిపెట్టుకుని ఉండాలి గాని నొక్కినట్టు ఉండకూడదు. కాపురానికి పంపేటప్పుడు మా అమ్మ నాకు చెప్పిన బుద్ధులు కూడా అచ్చం ఇవే, కాకపోతే ఆవిడ వాచీ గురించి చెప్పలేదు. వెనకాల అద్దం తుడిచారా, చెమటా సబ్బూ పేరుకుంటే లెక్క తప్పుతుంది అంటోంది. తుడిచానమ్మా, తుడుస్తూనే ఉన్నాను, ఎదురుగా తలుపు మీద ఎర్రబల్బు వెలిగినప్పటి నుంచి ఆయన చొక్కా ఒళ్లో పెట్టుకుని ఆ చొక్కా అంచుతోనే ఆయన వాచీ తుడుస్తున్నాను. తలుపవతల ఆయన ఛాతీ నిండా తీగలు అంటించుకుని కదిలే పట్టా మీద నడుస్తున్నారు, ఆ దబదబ ఇక్కడికి వినిపిస్తోంది. వాచీ తీసి మీ ఆవిడకివ్వండి అన్నాడు లోపలి మనిషి. వాచీతో పాటు చొక్కా, కళ్లజోడు, ఫోను అన్నీ నా ఒళ్లో పోసి, "నేనొచ్చేలోగా ఆ హెల్ప్‌లైన్ వాళ్లతో మాట్లాడి దీని సంగతి తేల్చు, ఊరికే కూర్చోకు" అని వెళ్లారు. ఊరికే కూర్చోవడం నాకెప్పుడు చేతనైంది గనక. కూర్చున్న ఇనప కుర్చీ కూడా నాలుగు కుర్చీల్ని కలిపి బిగించిందే, ఆ చివర ఎవరు లేచినా ఈ చివర నేను ఊగుతున్నాను.

ఒక్క నిమిషం లైన్లో ఉండండి అని అమ్మాయి వెళ్లిపోయింది, పాట పెట్టి. అదే పాట, అదే చోట తెగి మళ్లీ మొదలవుతుంది. తేల్చాల్సిన సంగతేమిటంటే ఆయన గుండె లయ తప్పుతోందని ఫోన్లో వాచీ యాప్ అంటోంది, తప్పడం లేదని డాక్టరు అంటున్నాడు. ఒక పగలూ రాత్రీ ఛాతీకి గుండె లయ రాసుకునే పెట్టె కట్టి పంపారు, ఆ పెట్టెలో అంతా సవ్యంగానే ఉంది. ఇంట్లో ఆయన వాచీ బొత్తాం మీద వేలు పెట్టి తీసిన గ్రాఫులన్నీ గీత గీసినట్టు వచ్చాయి. అయినా సాయంత్రమయ్యేసరికి ఫోను టింగుమంటుంది, మీ గుండె లయ సక్రమంగా లేదు, వైద్యుణ్ణి సంప్రదించండి అని. డాక్టరు కూడా తల గోక్కున్నాడు. ఇది నిజమైతే రక్తం గడ్డకట్టి మెదడుకి పోవచ్చు, కాలూ చెయ్యీ పడిపోవచ్చు, అబద్ధమైతే అనవసరంగా మందులు మింగించినట్టవుతుంది, పట్టా మీద నడిపించి చూద్దాం, అక్కడా తేలకపోతే తొడలోంచి తీగ పంపి చూద్దాం అన్నాడు. తీగ అన్న మాట విన్నప్పటి నుంచి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంట్లో ఉప్పు మానేశాం. కాఫీ మానేశాం. టీవీలో కొట్లాటలు కూడా మానేశాం. నేను మాట్లాడటం ఎప్పుడో మానేశాను కాబట్టి అది ఎవరూ లెక్కలో వేయలేదు.

లెక్క అంటే గుర్తొచ్చింది, గుండె సంగతి ఒక్కటే కాదు, ఆ యాప్‌లో ఆయన వ్యాయామం లెక్కంతా వింతే. ఆయన నడిచేది పార్కులో, చెయ్యి పెట్టి నిమిరినట్టు చదునుగా ఉంటుంది ఆ దారి. యాప్‌లో మాత్రం అంతస్తులకి అంతస్తులు ఎక్కినట్టుంటుంది. మొదట్లో ఆయనకి అది బాధ అనిపించలేదు. రిటైరైన స్నేహితులంతా యాప్‌లో ఒక గుంపు కట్టుకున్నారు, వారం వారం ఎవరు ఎక్కువ నడిచారో అందులో వరసగా పేర్లు పడతాయి, ఆయన పేరెప్పుడూ పైనే. ఆ వరస చూపించడానికి పాలవాణ్ణి కూడా వదల్లేదు. "మోకాళ్లు కావివి, స్ప్రింగులు" అనేవారు తొడ చరుచుకుని. లెక్క ఎక్కువ పడినంత కాలం యాప్ సత్యహరిశ్చంద్రుడు, గుండె బాలేదన్నాక అబద్ధాలకోరు అయిపోయింది. అప్పుడు మొదలైంది దాన్ని బాగుచేయడం. పట్టీ మార్చారు, వాచీ ఆపి మళ్లీ వెలిగించారు, వయసూ బరువూ సరిచూశారు, కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చారు, ఆ పూట ఎడమచేత్తో అన్నం కలపబోయి తిట్టుకున్నారు. ఏం చేసినా సాయంత్రం టింగుమంటూనే ఉంది.

సాయంత్రం. సరిగ్గా నేను బడి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచే వేళకి. దాన్ని ముందు కనిపెట్టింది ఆయనే. "చూశావా, నువ్వు గుమ్మంలో కాలు పెట్టడం, ఇది మోగడం" అన్నారు. ఆ పూట నేనూ నవ్వాను. తర్వాత స్నేహితులకి చెప్పారు, వాళ్లు నవ్వారు, పెళ్లాన్ని చూస్తే గుండె లయ తప్పడమంటే మాటలా, ఈ వయసులో కూడా అన్నారు. తర్వాత నవ్వు పోయింది, మాట మిగిలింది. ఆడపడుచు చూడటానికి వచ్చి నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి, "వదినా, నిన్ననే మాట కాదుగాని, అన్నయ్య పగలంతా బాగానే ఉంటున్నాడట, నువ్వు రాగానే ఏమవుతోందో చూసుకో, ఇల్లాలి చేతిలోనే కదా మొగాడి ఆయుష్షు" అంది. మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, రాగానే నాన్నకి బడి గొడవలన్నీ చెప్పకమ్మా, కొంచెం సేపు వదిలెయ్యి" అంది. నేనేం చెప్పేదాన్నని. ఎనిమిదో తరగతి పిల్లలకి భిన్నాలు ఎక్కడం లేదని చెప్పేదాన్ని, అది గుండె ఆగిపోయే వార్తా? డాక్టరు కూడా ఆయన చెప్పింది విని కళ్లజోడు మీదుగా నా వంక చూశాడు. ఇంట్లో ఏమైనా ఒత్తిడి ఉందా అని అడిగాడు ఆయన్ని, నన్ను చూస్తూ. అప్పుడు ఆయన ఏమన్నారు? ఏమీ అనలేదు, నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు కంటే రెండు మాటలు తిట్టినా బాగుండేది, తిడితే ఎదురు చెప్పొచ్చు, నిట్టూర్పుకి ఎవరేం జవాబు చెబుతారు.

అప్పటి నుంచి నా ఇంట్లోకి నేను పిల్లిలా వస్తున్నాను. వీధి మలుపులో ఆగి ఊపిరి తీసుకుని, గేటు చప్పుడు కాకుండా ఎత్తిపట్టి తెరిచి, చెప్పులు చేత్తో తీసి గోడవార పెట్టి. గాజులు కూడా పైకి తోసుకునేదాన్ని. అయినా మోగేది. లోపల్నుంచి ఆయన "వచ్చావా" అనేవారు, నేరం రుజువైనట్టు. పరాయి ఇంట్లో దొంగతనానికి వెళ్లే వాళ్లు కూడా అంత భయపడరేమో. ఒకసారి గుమ్మం దాకా వచ్చి, వెనక్కి తిరిగి, వీధి చివర మందుల షాపు అరుగు మీద చీకటి పడేదాకా కూర్చున్నాను, కాస్త ఆలస్యంగా వెళ్తే ఆయనకి నిద్రపట్టి ఉంటుందని. ఆ కూర్చున్నప్పుడు కూడా ఎడమ రొమ్ము కింద ఏదో జారినట్టు, మెట్టు ఉందనుకుని కాలు వేస్తే మెట్టు లేనట్టు, ఒక్కసారి దిగజారి మళ్లీ దడదడ కొట్టుకుంది. బాధ అనుకున్నాను. బాధపడితే గుండె అలాగే ఉంటుందని ఎవరికైనా తెలిసిందే. బడిలో మెట్లెక్కినప్పుడు కూడా అలాగే ఉంటుంది, పై అంతస్తుకి చేరేసరికి చాక్‌పీసు పట్టుకోవడానికి వేళ్లు ఆడవు, పిల్లల వైపు వీపు పెట్టి బోర్డు మీద తేదీ నిదానంగా రాస్తూ ఊపిరి కూడదీసుకుంటాను. వయసు అనుకున్నాను. ఆయాసంగా ఉంటోందండీ అని ఆయనతో అన్నాను కూడా, అదీ ఆయన మూడ్ చూసుకునే. "తిండి తగ్గించు" అన్నారు, పేపరు లోంచి తల ఎత్తకుండా. తగ్గించాను.

పాట ఆగింది. "మేడమ్, లైన్లో ఉన్నారా? ఈ అకౌంట్‌కి రెండు వాచీలు కనిపిస్తున్నాయి. రెండోది కూడా సారే వాడతారా?"

రెండోది. నా ఎడమచేతికి ఉంది అమ్మా, ఇదిగో, టైము చూసుకోవడానికి. మా అమ్మాయి ఇద్దరికీ చెరొకటి కొని పంపింది. ఆయన తన ఫోన్లోనే రెండూ కలిపేశారు. నా ఫోను బొత్తాల ఫోను, దానికి ఈ యాప్‌లు ఎక్కవు. "నీకు వేరే అకౌంట్ ఎందుకు, ఆ పాస్‌వర్డులు ఎవరు గుర్తుపెట్టుకుంటారు, ఇంటికి కరెంటు మీటరు ఒకటే కదా ఉంటుంది" అన్నారు. నిజమే అనుకున్నాను. ఇంటి ముందు పేరు పలకా ఒకటే, పోస్టూ ఒకరి పేరుకే వస్తుంది, పెళ్లిపిలుపులు ఆయన పేరు రాసి పక్కన దంపతులు అని వేస్తారు, ఆ దంపతుల్లో నేను ఇముడుతూనే ఉన్నాను ఇన్నేళ్లూ. వాచీ ఎక్కడ ఇముడుతుందో అడగాలని కూడా తోచలేదు. ఈ అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. "కాదమ్మా, అది నేను పెట్టుకుంటాను" అన్నాను.

"అదే మేడమ్ ప్రాబ్లం. ఇద్దరివీ కలిసి ఒకే లెక్కలో పడుతున్నాయి. సార్ పార్కు నడక, మీ నడక, రెండూ. మీరు మెట్లు ఎక్కువ ఎక్కుతారా?"

సొమ్మొకడిది సోకొకడిది. ఆ స్ప్రింగుల మోకాళ్లు నావన్నమాట. ఒక్క క్షణం నవ్వొచ్చింది, పైకే నవ్వాను, పక్క కుర్చీ మనిషి అటు తిరిగాడు. ఆ నవ్వు గొంతులో ఉండగానే రెండో ఆలోచన వచ్చింది, దాని వెనకే మూడోది, ముప్ఫై ఏళ్లుగా లెక్కలు చెప్పే బుర్ర కదా, ఒక మెట్టు దొరికితే మిగతావి వద్దన్నా వస్తాయి. బడిలో ఉన్నంతసేపూ నా వాచీకి ఆయన ఫోను అందదు. అందులో పడింది అందులోనే ఉంటుంది. నేను ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాక ఫోను అందుతుంది, అప్పుడు అంతా దిగుతుంది. అప్పుడు మోగుతుంది. ఆదివారాలు మోగదు, ఆదివారం నేను మెట్లెక్కను. డాక్టరు అది కూడా రాసుకున్నాడు, సెలవు రోజు ఉండటం లేదు, పనిదినాల్లోనే ఒత్తిడి అని. రిటైరైన మనిషికి సోమవారం ఏం పని, మంగళవారం ఏం ఒత్తిడి అని ఆ గదిలో ఉన్న ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు, నాతో సహా.

"అమ్మా," అన్నాను, "ఆ గుండె గురించి వచ్చే హెచ్చరికలు ఏ వాచీవో నీకు కనిపిస్తుందా?" అటు కీబోర్డు చప్పుడు. చాలాసేపు చప్పుడు. "మేడమ్, వాచీలో తేడా ఉందేమో ముందు చూద్దాం. రెండు వాచీలూ మీరే పెట్టుకుని కొంచెం మెట్లెక్కి దిగగలరా? తర్వాత రెండిట్లోనూ వేలు పెట్టి గ్రాఫ్ తీయండి. నేను లైన్లోనే ఉంటాను." గొంతు మారింది ఆ పిల్లది. ఇందాకటి దాకా కాగితం చూసి చదివినట్టుంది, ఇప్పుడు మనిషి మాట్లాడినట్టుంది.

ఆయన వాచీ కుడిచేతికి పెట్టుకున్నాను. పెద్దది, ఆయన చేతి వేడి ఇంకా ఉన్నట్టే ఉంది, పట్టీ చివరి చిల్లు దాకా బిగించాల్సి వచ్చింది. ఆయన చొక్కా భుజాన వేసుకుని, కళ్లజోడు సంచిలో పడేసి, వరండా చివర మెట్ల దగ్గరికి నడిచాను. ఫినాయిలు వాసన, ఎవరో అప్పుడే తుడిచారు, తడి మెట్లు. ఎక్కాను. మొదటి మలుపు దాకా ఏమీ లేదు, ఏమీ లేకపోతే బాగుండునని ఒక పక్క, ఉంటే బాగుండునని ఇంకో పక్క, ఇదెక్కడి కోరిక, ఉంటే బాగుండునని ఎవరైనా కోరుకుంటారా, కానీ ఉంటే నేను నిర్దోషిని కదా, గుమ్మంలో కాలు పెట్టి ఆయన్ని చంపుతున్నది నేను కాదు కదా. రెండో మలుపులో వచ్చింది. అదే, మెట్టు లేని చోట కాలు వేసినట్టు. కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. చేప గట్టున పడి కొట్టుకున్నట్టు లోపల ఒక లెక్కా వరసా లేకుండా. దిగివచ్చి కుర్చీలో కూర్చుని ముందు నా వాచీ మీద వేలు పెట్టాను. అది లెక్కపెట్టుకుని చెప్పింది, లయ సక్రమంగా లేదు. తర్వాత ఆయన వాచీ మీద. ఇంట్లో ఎన్నిసార్లు తీసినా ఆయనకి గీత గీసినట్టు చూపించిన వాచీ, పాడైపోయిందని ఆయన తిట్టుకున్న వాచీ, నా చేతికి ఉండగా చెప్పింది, లయ సక్రమంగా లేదు.

"మేడమ్, రెండు వాచీలూ బాగానే పనిచేస్తున్నాయి" అంది అమ్మాయి. "నేను డాక్టర్ని కాదు, మేం అలా చెప్పకూడదు కూడా. కానీ మీరు హాస్పిటల్లోనే ఉన్నానన్నారు కదా. చూపించుకుని వెళ్లండి మేడమ్. ప్లీజ్." తర్వాత మళ్లీ కాగితం గొంతుతో, సార్ అకౌంట్ నుంచి రెండో వాచీ తీసేస్తే సమస్య పరిష్కారమవుతుంది, తీసేయమంటారా అంది. తీసెయ్యమ్మా అన్నాను. తీసేసింది. సార్ డేటా ఇకపై కచ్చితంగా ఉంటుంది మేడమ్, ఇంకేమైనా సహాయం కావాలా? ఏం కావాలో నాకే తెలియదు. ఫోన్ పెట్టేశాను.

ఉప్పు మానేసింది ఎవరి కోసం. పెట్టె కట్టింది ఎవరి ఛాతీకి. మా అమ్మాయి ఫోన్ పెట్టేసే ముందు రోజూ నాన్న ఎలా ఉన్నారని అడిగింది, నాన్న బాగానే ఉన్నారే, పొద్దున పార్కుకి కూడా వెళ్లొచ్చారు అని ఆయాసపడుతూనే చెప్పాను. నా నడక ఆయనకి పేరు తెచ్చింది, సరే, పోనీ. నా ఆయాసానికి ఆయనకి దిండు ఎత్తు పెట్టాను, ఆయనకి రాత్రి రెండుసార్లు లేచి మంచినీళ్లిచ్చాను. జబ్బు చేస్తే అయినా మనిషి తనదంటూ ఒకటి ఉందనుకుంటుంది, అదీ ఆయన పేరునే నడిచింది ఇన్నాళ్లూ. పైగా ఆ జబ్బుకి కారణం కూడా నేనేనట. నాకు కోపంగా ఉంది. ఎంత కోపమంటే, లోపల ఆ దబదబ వినిపిస్తుంటే, ఆయన గుండె బాగున్నందుకు సంతోషించాలన్న మాట కూడా కాసేపు మర్చిపోయాను. గడ్డకట్టి మెదడుకి పోవచ్చు అన్నాడు డాక్టరు. అప్పుడు నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఇప్పుడు నా కుడిచేతిని నా ఎడమచేత్తో పట్టుకున్నాను, చెయ్యి చల్లగా ఉంది, భయం కూడా వేస్తోంది, కోపం పక్కనే అదీ వచ్చి కూర్చుంది.

ఎర్రబల్బు ఆరింది. ఆయన బయటికి వచ్చారు, లోపలి బనీనుతో, చెమటతో, మొహం వెలిగిపోతూ. "గుర్రం అన్నాడు, గుర్రం! తీగా లేదు గీగా లేదు పొమ్మన్నాడు. చొక్కా ఏదీ?" భుజం మీంచి తీసి ఇచ్చాను. బొత్తాలు పెట్టుకుంటూ, "ఇంతకీ వాచీ సంగతి తేలిందా?" అన్నారు.

"తేలిందండీ. వాచీ బాగానే ఉంది. నా వాచీ కూడా మీ లెక్కలో కలిసిపోతోంది. ఆ మోగినవన్నీ నావి."

"నీవంటే?"

"నా గుండెవి. మెట్లెక్కి చూశాను ఇప్పుడే. మీ వాచీతో కూడా చూశాను."

"నీకా? నీకేంటే, రాయిలా ఉంటావు." బొత్తాం దగ్గర చెయ్యి ఆగింది. ఆలోచిస్తున్నారు. నేను ఆ మొహం వైపే చూస్తున్నాను. ఇన్నేళ్లలో ఆ మొహాన్ని ఇంత ఆశగా ఎప్పుడూ చూసి ఉండను, ఇప్పుడు ఏదో ఒకటి అంటారు, కూర్చో అంటారు, ఎప్పటి నుంచి అంటారు, కనీసం అయ్యో అంటారు. పెదాలు కదిలాయి.

"అయితే మరి గుంపులో నేను ఫస్టొచ్చినవి? అందులో నీవి ఎన్ని?"

ఫోను ఆయన చేతిలో పెట్టాను. కళ్లజోడు సంచిలోంచి తీసి ఇచ్చాను. ఇప్పటిదాకా నేను కూర్చున్న కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తగిలించుకుని, వెనకటి వారాలు ఒక్కొక్కటే పైకి తోస్తూ చూసుకుంటున్నారు. నేను వరండా దాటి కౌంటరు దగ్గరికి వెళ్లాను. నా ముందు ఇద్దరున్నారు. నా వంతు వచ్చింది. గుండె డాక్టరుకి చూపించాలమ్మా, ఇవాళే అన్నాను.

"పేషెంటు మీకేమవుతారండీ?" అంది కౌంటరమ్మాయి, కీబోర్డు మీద వేళ్లు పెట్టి.

"నేనే పేషెంటుని."

ఒకసారి తలెత్తి చూసింది. పేరు అడిగింది, చెప్పాను. వయసు చెప్పాను. బరువు అడిగితే తెలియదన్నాను.

"మీతో ఎవరొచ్చారమ్మా?"

వెనక్కి తిరిగి చూశాను. ఆయన ఇంకా ఫోన్లోకే చూస్తున్నారు, పెదాలతో అంకెలు కూడుకుంటూ.

"ఎవరూ రాలేదు," అన్నాను. "నేనే ఆయనతో వచ్చాను."